నీడన ఎండిన కరివేపాకు

నేను కుదురుగా కూర్చోలేను. చిన్నప్పటి నుంచీ అంతే. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేశాను కాబట్టి ఆ అవలక్షణం అక్కడ సుగుణంగా చెలామణీ అయిపోయింది. పొద్దున్నే లేచి గదులన్నీ తిరగడం, వంటింట్లో పప్పు రుచి చూడడం, మెట్లు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. రిటైరై పి.గన్నవరం దగ్గర మా పల్లెకి, ఇద్దరు మనుషులున్న ఇంటికి వచ్చి పడ్డాక తిరగడానికి గదులు చాలలేదు. మా ఆయన లెక్కల మేష్టారు. నాకన్నా ముందే రిటైరై, వాలుకుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. టెండరు ప్రకటనలు కూడా వదలకుండా చదివే మనిషి. ఇంట్లో ఒకరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే ఇంకొకరు అంత నిమ్మళంగా ఎలా కూర్చోగలరో నాకు అర్థమయ్యేది కాదు. చూస్తే ఒళ్ళు మండేది కూడా.

అలాంటి మనిషికి కిడ్నీలు దెబ్బతిన్నాయని రాజమండ్రిలో డాక్టరుగారు చెప్పారు. ఎన్నో ఏళ్ళుగా ఉన్న బీపీ లోలోపల తన పని తాను చేసుకుపోయిందట. డయాలసిస్ దాకా ఇంకా రాలేదు, జాగ్రత్తగా ఉంటే చాలాకాలం రాకుండా చూసుకోవచ్చు అన్నారు. ఆ జాగ్రత్తలేమిటో అక్కడే పక్క గదిలో ఉండే డైటీషియన్ అమ్మాయి చెప్పింది. ఉప్పు బాగా తగ్గించాలి. అరటిపండు వద్దు, తోటకూర, బచ్చలి లాంటివి వద్దు, కొబ్బరి వద్దు, కొబ్బరి నీళ్ళు అసలే వద్దు. వీటన్నిట్లో పొటాషియం ఉంటుంది, ఈయన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, అది రక్తంలో పేరుకుంటే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఆ ఆఖరి మాట ఆ పిల్ల చాలా మెల్లగా చెప్పింది. నాకు మాత్రం చెవి దగ్గర అరిచినట్టు వినిపించింది.

మా పెరట్లో పదకొండు కొబ్బరి చెట్లున్నాయి. రోజూ పొద్దున్న ఒక బొండాం తాగి గాని పేపరు విప్పని మనిషి ఆయన. మా ఇళ్ళలో పచ్చడి కొబ్బరితో, కూర కొబ్బరి కోరుతో, పండగ పూట పులావు కొబ్బరి పాలతో. అవన్నీ తీసేసి, ఉప్పు కూడా తగ్గించేస్తే పళ్ళెంలో మిగిలేది ఏమిటి? ఆయన ఒక్క మాట అనలేదు. అనకుండా సగం తిని లేచిపోయేవారు. రెండు నెలలయ్యేసరికి చొక్కాలు భుజాల మీద నుంచి జారుతున్నాయి. ఆదివారం చర్చిలో మగవాళ్ళ వైపు ముందు వరసలో ఉన్న ఆయన మెడ వెనక ఎముక కనిపించి నేను పాట మధ్యలో చరణం తప్పాను. భయం వేస్తే కొందరు ఏడుస్తారు. నాకు పని కావాలి.

ఫోన్లో వంటల వీడియోలో ఎవరో ఆవిడ చెప్పింది, ఉప్పు తగ్గిన చోట ఆకుల వాసన పెంచితే నాలుకకి ఆ లోటు తెలియదని. పుదీనా, కొత్తిమీర, మెంతి, కరివేపాకు, వాము ఆకు. పచ్చివి వేస్తే ఒక ఘాటు, ఎండబెట్టి పొడి కొట్టి వేస్తే ఇంకో ఘాటు. ఆ రోజే మొదలుపెట్టాను. మర్నాటికి వాయిదా వేస్తే అది నేనెలా అవుతాను?

కరివేపాకు చెట్టు నూతి దగ్గర ఎప్పటి నుంచో ఉంది. మిగతావాటికి ఎండ కావాలి. కొబ్బరి చెట్ల కింద నేల మీద ఎండ ఎక్కడిది, చిల్లర పడ్డట్టు అక్కడో చుక్క ఇక్కడో చుక్క. అందుకని డాబా మీద పెంచాలనుకున్నాను. కాట్రేనికోన నుంచి మోపెడ్ మీద చేపలు తెచ్చి మా వీధిలో అమ్మే ఆయన్ని అడిగితే రొయ్యలు సర్దే తెల్ల థర్మోకోల్ పెట్టెలు ఆరు తెచ్చి ఇచ్చాడు.

"రొయ్యల పెట్టెలండి, ఓసారి కడుక్కోండమ్మగారూ" అన్నాడు.

"ఆయ్, అలాగేనయ్యా" అన్నాను. ఓసారి అన్నాడు కదా అని ఓసారే కడిగాను. కాలవ గట్టు ఒండ్రు, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పీచు పొట్టు కలిపి నింపి పుదీనా కొమ్మలు గుచ్చాను. వారానికి ఆకు అంచులన్నీ మాడిపోయి, తర్వాత మొక్కలే పోయాయి. పెట్టెల్లో ఉప్పు ఇంకా ఉంది. ఆయన కోసం ఉప్పు తగ్గించాలని తిప్పలు పడుతున్నదాన్ని, పుదీనాకి ఉప్పు పెట్టి చంపాను. రెండోసారి మూడు రోజులు నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి కడిగాను. అప్పుడు పట్టింది. పుదీనా ఒకసారి పట్టిందంటే దానికి నా గుణమే, ఒకచోట ఉండదు, పెట్టె అంచు దాటి కింద సిమెంటు మీద కూడా పాకుతుంది. మేమిద్దరం బాగా కలిసిపోయాం.

పెంచడం తేలిక. ఎండబెట్టడం దగ్గర నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. మొదటి వాయి ఆకు డాబా మీద చాప పరిచి మంచి ఎండలో పోశాను. సాయంత్రానికి గలగలలాడుతూ ఎండింది గాని రంగు టీ పొడిలా మారింది, నలిపి ముక్కు దగ్గర పెడితే గడ్డి వాసన. ఎండలో ఆకు ఎండుతుంది, వాసన ఎగిరిపోతుంది. నీడన ఎండబెట్టాలి. నీడ మాకు కొదవ లేదు, కానీ మా నీడలో తడి ఉంటుంది. కాలవలు, చెరువులు, ఇటు గోదావరి, అటు సముద్రం. మా ఊళ్ళో అప్పడమే సీసాలోంచి తీసిన గంటకి మెత్తబడుతుంది.

చివరికి మేడ మీద గదిలో నులక మంచం వేసి, దాని మీద పాత బండారులంక నూలు చీర బిగువుగా పరిచి కట్టాను. బాగా ఉతికి ఉతికి పలచనైన చీర, కిందనుంచి గాలి ఆడుతుంది. కొమ్మల్ని నీళ్ళలో ముంచి, దులిపి, తడి ఆరేదాకా తలకిందులుగా దండెం మీద వేలాడదీసేదాన్ని. ఆ తర్వాత ఆకు దూసి చీర మీద ఒక్క వరసే పరిచేదాన్ని, ఒకదాని మీద ఒకటి పడకుండా. పైన ఫ్యాను, కిటికీలు తెరిచి. కరివేపాకుకి నాలుగు రోజులు, పుదీనాకి మూడు. కొత్తిమీర ఎంత జాగ్రత్తగా ఎండబెట్టినా వాసన నిలుపుకోదు, రెండుసార్లు చూసి దాని మొహం చూడడం మానేశాను. వాము ఆకు దళసరి, ఎండేలోపు కుళ్ళుతుంది.

పరిచి వదిలేసే పనైతే నాకు నచ్చేది కాదేమో. రోజుకి పదిసార్లు పైకి వెళ్ళి ఆకుని తిరగేసేదాన్ని. గాలి దక్షిణం నుంచి వస్తే మంచం ఆ కిటికీ వైపు, తూర్పు నుంచి వస్తే ఈ కిటికీ వైపు. మంచం కోళ్ళు గచ్చు మీద కీచుమనే చప్పుడు కింద వాలుకుర్చీలో ఉన్నాయనకి వినపడేది.

"ఆ మంచాన్ని కాసేపు కూర్చోనివ్వవే. పాపం అలిసిపోయింది" అనేవారు కిందనుంచి.

వాయుగుండం పట్టిన వారంలో అయిదు రోజులు సూర్యుడు లేడు, కరెంటు లేదు. ఆకు మీద తెల్లటి నూగు వచ్చింది. మొత్తం తీసుకెళ్ళి పెంటకుప్పలో పోసి, వానని, కరెంటు వాళ్ళని, ఎదురుగా కనిపించిన మా ఆయన్ని కూడా కలిపి తిట్టాను. ఎండు ఆకు గుప్పిట్లో పట్టి నలిపితే గరగరమంటూ పొడి కావాలి, ఒక్క ఆకు వంగినా సీసాలోకి పోకూడదు. ఆ చప్పుడు కోసం చెవి పెట్టి వినేదాన్ని. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి వింటాడే, అలా.

అసలు మా ఆయన దగ్గర ఒక అలవాటు ఉండేది. చారులోనో కూరలోనో వచ్చిన కరివేపాకుని ఏరి పళ్ళెం అంచున వరసగా పేర్చేవారు. అందరూ ఏరతారు, ఈయన మాత్రం సమానమైన ఎడంతో పేరుస్తారు. లెక్కల మేష్టారు కదా. ముప్పై ఏళ్ళుగా ఆ ఆకుల వరస చూసి, సారమంతా పారేస్తున్నారని గొణుక్కునేదాన్ని. ఇప్పుడు పొడి చేశాక ఏరడానికి ఏమీ లేదు. చెట్టు నుంచి దూసిన ప్రతి ఆకూ ఆయన కడుపులోకే వెళ్ళింది. అది నాకు గొప్ప విజయంగా అనిపించింది.

పెద్ద గుప్పెడు ఆకు ఎండి పొడైతే ఒక చెంచా అవుతుంది. ఇడ్లీ మీద చెంచాన్నర, మధ్యాహ్నం అన్నంలో రెండు, రాత్రి మళ్ళీ రెండు. చేతి వేలితో పళ్ళెం తుడుచుకుని తినడం మొదలుపెట్టారు. "బావుందే. ఇంకొంచెం వెయ్యి" అని ఆయన నోటంట వచ్చిన రోజున వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. చొక్కా భుజాల మీద మళ్ళీ నిలబడింది. దేవుడు నా చేతుల్లో ఒక పని పెట్టాడు, ఆ పని ఆయన్ని బతికిస్తోంది అనుకున్నాను. అలా అనుకోవడంలో ఎంత సుఖం ఉందో చెప్పలేను.

నాలుగో నెల పరీక్షకి వెళ్ళే ముందు రెండు రోజులుగా కాళ్ళు లాగుతున్నాయంటున్నారు. రక్తం తీసిన గంటకే నర్సు పరుగున వచ్చింది. గుండె పరీక్ష చేశారు, చేతికి సూది గుచ్చి మంచం మీద పడుకోబెట్టారు. పొటాషియం బాగా పెరిగిపోయిందని, రెండు రోజులు ఉంచాలని డాక్టరుగారు అన్నారు. ఇంకో వారం ఆగి వస్తే చెప్పలేకపోయేవాళ్ళం అన్నారు. నేను ఆ వరండాలో ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచానో, ఊడ్చే ఆవిడ వచ్చి "కూర్చోండమ్మా, నేను తడిగుడ్డ పెట్టాలి" అని బతిమాలింది.

డైటీషియన్ అమ్మాయి వచ్చి అడిగింది. ఏం పెడుతున్నారమ్మా? నేను వరసగా చెప్పాను. ఇడ్లీ, అన్నం, బీరకాయ, దొండకాయ, పలచటి చారు, వారానికి ఒకసారి చిన్న చేప ముక్క. అన్నీ చెప్పాను. పొడి చెప్పలేదు. దాచలేదు, అది నా బుర్రకే రాలేదు. చారులో కరివేపాకు వేశానని ఎవరైనా లెక్క చెబుతారా? అది తిండి కాదు, పైన చల్లేది.

"కొబ్బరి నీళ్ళు గాని తాగుతున్నారేమోనండీ?" అంది ఆ అమ్మాయి.

నేను చటుక్కున మంచం వైపు తిరిగాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నాకు అన్నీ కనిపించాయి. నేను మేడ మీద మంచం జరుపుకుంటూ ఉంటే కింద ఈయన ఏం చేస్తున్నారో ఎవరు చూశారు? చెట్లెక్కి కొబ్బరికాయలు దింపు తీసే అతను నెలకోసారి వస్తాడు, అడిగితే ఒక బొండాం కొట్టి ఇవ్వడా? ఆ మంట కడుపులో పెట్టుకుని, మందుల కోసం కిందికి వెళ్ళాను. మందుల దుకాణం దగ్గర పెద్ద వరస. అరగంట తర్వాత తిరిగొచ్చి, గదిలో ఎవరూ లేరని చూసుకుని అడిగాను.

"నిజం చెప్పండి. తాగేరా?"

ఆయన చూపు ఫ్యాను మీదకి తిప్పేశారు. "ఆయ్" అన్నారు. "అప్పుడప్పుడూ తాగేనే."

ఆ తర్వాత నెలన్నర నేను చేసిన రభస అంతా ఇంతా కాదు. దింపు తీసే అతన్ని పిలిచి నిలదీశాను. "నేనివ్వలేదండీ అమ్మగారూ, నా పిల్లల మీద ఒట్టండి" అని అతను చేతులు జోడిస్తే, అబద్ధపు ఒట్టు పెట్టకు అని కసిరాను. ఫోన్ చేసినవాళ్ళందరికీ చెప్పాను. ఆయన ఎదురుగానే చెప్పాను. అంతటితో ఆగితే బాగుండేది. మా చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసే ముందు ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఎవరికి జ్వరం, ఎవరి పిల్లకి పరీక్షలు, గల్ఫ్‌లో ఎవరికి వీసా ఇబ్బంది. నేను లేచి నిలబడి, మా ఆయనకి కొబ్బరి నీళ్ళ యావ పోయేలా అందరూ ప్రార్థన చెయ్యండి అన్నాను. వెనక వరసలో పిల్లలు నవ్వారు. పాస్టరుగారు మాత్రం నవ్వకుండా, ప్రభువా ఈ మేష్టారిని ఆ బలహీనత నుంచి విడిపించు అని గట్టిగా ప్రార్థించారు. మగవాళ్ళ వైపు, ఆయన చేతిలో చదువు నేర్చుకున్నవాళ్ళ మధ్యలో, మా ఆయన తల వంచుకుని నిలబడ్డారు. అందరితో పాటు ఆమెన్ అన్నారు.

ఇంకో సంగతి కూడా నన్ను మండించింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ ఆయన పొడి ముట్టడం మానేశారు. "వాసన పడట్లేదే, వికారంగా ఉంటంది" అన్నారు. ఇన్నాళ్ళూ వేళ్ళు నాకినవాళ్ళకి ఇప్పుడు వికారమా? కొబ్బరి నీళ్ళ రుచి మరిగిన నాలుకకి నా ఆకులు ఎలా ఎక్కుతాయి లెండి అని దెప్పాను. నేను ఊరుకుంటానా, పంతానికి ఇంకా ఎండబెట్టాను. సీసాలు నిండాయి. ఒక మధ్యాహ్నం ఆయన చూడకుండా చారులో రెండు చెంచాలు కలిపేశాను. ఆయన గ్లాసు ఎత్తి, వాసన చూసి, కింద పెట్టి, మజ్జిగ అడిగారు. ఆ చారు గ్లాసు తీసుకెళ్ళి గిన్నెల తొట్టిలో విసిరికొట్టినంత పని చేశాను.

నెలన్నరకి మళ్ళీ రాజమండ్రి. రిపోర్టు చూసి డాక్టరుగారు తల ఊపి పంపించారు. పక్క గదిలో ఆ అమ్మాయి కాగితం చూసి నా వైపు నవ్వింది. ఆయన బయట చీటీ రాయించుకోవడానికి నిలబడి ఉన్నారు.

"చాలా బాగా తగ్గిందండీ. పొడి ఆపేసేరు కదమ్మా, అదే పనిచేసింది."

"ఏ పొడి?" అన్నాను.

"అదేనమ్మా, మీరు నీడన ఎండబెట్టి చేస్తారంట కదా. కరివేపాకు, పుదీనా. మొన్న మీరు మందులకి వెళ్ళినప్పుడు సార్ చెప్పేరు. రోజుకి అయిదారు చెంచాలంటే మరి ఎక్కువే కదండీ. ఎండితే నీళ్ళే పోతాయి, పొటాషియం అంతా అందులోనే ఉండిపోద్ది."

"మరి కొబ్బరి నీళ్ళు?"

"ఒక్క చుక్క కూడా తాగలేదన్నారండీ సార్. మీకు తెలీదా అమ్మా?"

తెలుసమ్మా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ అమ్మాయి ఇంకొకరిని లోపలికి పిలిచేదాకా కుర్చీలోనే కూర్చున్నాను.

రావులపాలెం మీదుగా వెళ్ళే బస్సులో ఆయన కిటికీ పక్కన, నేను ఈ పక్కన. సంచీ సర్దలేదు, టిక్కెట్లు రెండోసారి చూసుకోలేదు, కండక్టర్ని ఏమీ అడగలేదు. అరటి తోటలు పోతున్నాయి. నా తలలో ఒకటే లెక్క నడుస్తోంది. ఇడ్లీ మీద చెంచాన్నర, అన్నంలో రెండు, రాత్రి రెండు. ఎంత ప్రేమగా కొట్టాను ఆ పొడి. ఆయన మానేశాక కూడా చారులో దొంగతనంగా కలిపాను. ఆ రోజు ఆయనకి జలుబు చేసి ఉంటే? వాసన తెలియకుండా తాగేసి ఉంటే? చర్చి నిండా జనం మధ్య వంచిన ఆ తల గుర్తొచ్చింది.

కొత్తపేట దాటాక అడిగాను, ఆయన వైపు చూడకుండా. "ఎందుకు చెప్పలేదండీ నాకు?"

ఆయనకి వెంటనే తెలిసిపోయింది, దేని గురించో. కిటికీ రెక్క దించి అన్నారు. "చెప్తే ఏమవుద్ది? పొడి మానేస్తావు. సరే. ఆ తర్వాత మెతుకు వడ్డించాలన్నా నీకు చెయ్యి వణుకుద్ది. నేను బతికినన్నాళ్ళూ ఆ చేత్తోనే కదే తినాలి?"

"ఊరందరి ముందూ అన్ని మాటలన్నాను మిమ్మల్ని."

"అన్నావులే. నీకు అలవాటే కదా" అన్నారు, నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఏడుపు కూడా రాలేదు. ఆయన మీద పట్టలేనంత కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు మెట్లు ఎక్కి దిగి అంతమంది పిల్లల్ని చూసుకున్నదాన్ని, ఒక నిజం మొయ్యలేనని ఎలా అనుకున్నారు? ఆ మాటే పైకి అనేద్దామనుకున్నాను. కానీ ఆయన అనుకున్నది తప్పని నాకు నేనే చెప్పుకోలేకపోయాను.

ఇంటికి వచ్చి దీపాలు పెట్టే వేళకి అన్నం వండాను. దొండకాయ వేపుడు, పలచటి మజ్జిగ. ఆయన పీట మీద కూర్చున్నారు. గరిటె నిండా అన్నం తీసి పళ్ళెం మీదకి వంచబోతే నా చెయ్యి వణికింది. ఆపుదామని మణికట్టు రెండో చేత్తో పట్టుకున్నాను, అయినా ఆగలేదు, నాలుగు మెతుకులు గచ్చు మీద పడ్డాయి. ఆయన ఆ చెయ్యి చూశారు. పళ్ళేన్ని రెండు చేతులతో ఎత్తి గరిటె కిందకి తెచ్చి పట్టుకున్నారు.